పెద్ద వెండి నాణేలు సేకరించడం ఎలా? బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువారికి

ధనత్రయోదశికో, అక్షయ తృతీయకో ఒక వెండి బిళ్ళ కొనడం మన వైపు ఇళ్లలో మామూలే. బరంపురం బడాబజారులో గానీ, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో గానీ అడిగితే లక్ష్మీగణపతుల బిళ్ళ, జగన్నాథుడి బిళ్ళ వెంటనే చేతిలో పెడతారు. ఈ వ్యాసం ఆ బిళ్ళల గురించి కాదు. ఒక దేశపు టంకశాల తన పేరుతో, తన చట్టం ప్రకారం ముద్రించి విడుదల చేసే పెద్ద వెండి నాణేల గురించి. వాటిని ఎలా ఎంచుకోవాలి, ఎంత ఇవ్వాలి, అసలుదో నకిలీదో ఎలా తేల్చుకోవాలి, మన ఉప్పుగాలిలో ఎలా కాపాడుకోవాలి అన్నవి చూద్దాం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఏ నాణెం కొన్నా మీరిచ్చే డబ్బులో రెండు భాగాలుంటాయి: వెండికి ఇచ్చేది, నాణేనికి ఇచ్చేది. ఆ రెండిటినీ విడదీసి చూడటం వస్తే చాలావరకు మోసపోరు.

1. నాణెమా, బిళ్ళా? ముందు ఇది తేల్చుకోండి

భారత ప్రభుత్వ నాణెమైతే ఒకవైపు అశోక స్తంభం సింహాలు, కింద సత్యమేవ జయతే, పక్కన భారత్ అని హిందీలో, ఇండియా అని ఇంగ్లీషులో ఉంటాయి. రూపాయి గుర్తుతో విలువ అంకె ఉంటుంది. రెండోవైపు సందర్భం, సంవత్సరం, టంకశాల గుర్తు. హైదరాబాద్ గుర్తు నక్షత్రం, ముంబైది డైమండ్, నోయిడాది చుక్క. కోల్‌కతా నాణేల మీద గుర్తు ఉండదు. ఈ నాలుగు టంకశాలలనూ నడిపేది ఎస్పీఎంసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ.

విలువ అంకె లేకపోతే అది నాణెం కాదు, బిళ్ళే. ఎంత స్వచ్ఛమైన వెండి అయినా సరే. షాపువాళ్ల బిళ్ళలు, ప్రైవేటు రిఫైనరీలు అచ్చువేసే అందమైన బిళ్ళలు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ప్రభుత్వ టంకశాల కూడా అప్పుడప్పుడు బిళ్ళలు తీస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 50 గ్రాముల రామ్‌లల్లా రంగుల వెండి బిళ్ళ అలాంటిదే. టంకశాలదే, వెండి 999 (అంటే వెయ్యి పాళ్లలో 999 పాళ్లు వెండే), కానీ చెల్లుబాటు నాణెం కాదు. కొనకూడదని అనడం లేదు. పుస్తకంలో వేరే పేజీలో రాసుకోండి, అంతే.

విదేశీ నాణేలకు కూడా ఇదే నియమం, ఒక్క మినహాయింపుతో. మెక్సికో వాళ్ల లిబర్టాడ్ మీద విలువ అంకె ఉండదు. అయినా అది నాణెమే. దాని విలువను అక్కడి కేంద్ర బ్యాంకు వెండి ధరను బట్టి ప్రకటిస్తుంది.

2. తూకం భాష నేర్చుకోండి

మన షాపుల్లో పెద్దవాళ్లు ఇంకా తులాల్లో, ఒడియా వాళ్లయితే భరిల్లో మాట్లాడతారు. ప్రపంచమంతా వెండి నాణేలను ట్రాయ్ ఔన్సుల్లో తూస్తుంది. ఒక ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఔన్సులో ఎనిమిదింట మూడు వంతులు. మూడు ఔన్సుల వెండి ఎనిమిది తులాలకు సమానం. మామూలు సరుకుల ఔన్సు 28.35 గ్రాములే కనుక ఆన్‌లైన్‌లో ఎవరైనా ఔన్సు అంటే ట్రాయా కాదా అని అడగండి. ఇప్పుడు కొన్ని షాపుల్లో తులం అంటే 10 గ్రాములే. బిల్లులో గ్రాములే రాయించుకోండి.

పెద్ద నాణెం అని దేన్ని అనాలి? నా లెక్కలో ఔన్సు నుంచి మొదలు. అమెరికా సిల్వర్ ఈగిల్ 1986 నుంచి వస్తోంది, ఔన్సు బరువు, 40.6 మిల్లీమీటర్ల వ్యాసం. కెనడా మేపుల్ లీఫ్ 1988లో మొదలైంది, 38 మిల్లీమీటర్లు, స్వచ్ఛత 9999, అంటే పదివేల పాళ్లలో 9,999. ఆస్ట్రేలియాలో పెర్త్ మింట్ కూకబరా పిట్ట నాణేన్ని 1990 నుంచి తీస్తోంది. ఔన్సుతో మొదలుపెట్టి 2 ఔన్సులు, 10 ఔన్సులు, కిలో దాకా పోయింది. కిలో నాణెం వ్యాసం దాదాపు 10 సెంటీమీటర్లు, దాని మీద రాసిన విలువ 30 ఆస్ట్రేలియా డాలర్లు మాత్రమే.

నాకు వీటిలో ఎక్కువ ముచ్చటగా అనిపించేది అమెరికా వాళ్ల 5 ఔన్సుల నాణెం. 2010 నుంచి 2021 వరకు అమెరికా ద బ్యూటిఫుల్ పేరుతో జాతీయ పార్కులు, చారిత్రక స్థలాల బొమ్మలతో 56 నాణేలు తీశారు. టీ సాసరు మధ్య భాగమంత ఉంటుంది, 76.2 మిల్లీమీటర్లు, బరువు 155.5 గ్రాములు. దాని మీద రాసిన విలువ మాత్రం పావు డాలరు! చట్టం ప్రకారం అది మామూలు పావు డాలరు నాణేనికి పెద్ద రూపం కనుక అదే అంకె పడింది. అంచున గీతలుండవు, స్వచ్ఛత, బరువు అక్షరాల్లో చెక్కి ఉంటాయి. మొదటి ఏడాది ఒక్కో బొమ్మకు 33,000 మాత్రమే వచ్చాయి. డీలర్లు ధర ఎడాపెడా పెంచబోతే టంకశాల జోక్యం చేసుకుని లాభానికి హద్దు పెట్టి, ఇంటికి ఒక్కోటి చొప్పునే అమ్మాలని షరతు పెట్టింది. పెద్ద సైజు, తక్కువ సంఖ్య కలిస్తే ధర ఎలా పరిగెడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

3. ఒక దారి పట్టుకోండి

కనిపించిందల్లా కొంటే అయిదేళ్లకు మీ దగ్గర ఉండేది వెండి మూట, సేకరణ కాదు. ముందు దారి ఎంచుకోవాలి.

కొత్తవాళ్లకు, అందునా సరిహద్దులో ఉండే మనకు నేను చెప్పేది: భారత టంకశాల పెద్ద నాణేలతోనే మొదలుపెట్టండి. మనకు ఇటు ఒడిశా, అటు తెలుగు నేల రెండూ సొంతమే కనుక రెండు చోట్ల సందర్భాలతో ఒక చక్కటి వరస కూర్చవచ్చు. 2015లో జగన్నాథుడి నవకళేబర ఉత్సవం సందర్భంగా 1000 రూపాయల నాణెం వచ్చింది. 35 గ్రాములు, 44 మిల్లీమీటర్లు, అందులో 80 శాతం వెండి, 20 శాతం రాగి. గంజాం, గజపతి జిల్లాల్లో ఎవరికి చూపించినా ముందు కళ్లకద్దుకుని తర్వాత ధర అడుగుతారు. బిజూ పట్నాయక్ శతజయంతికి 100 రూపాయల నాణెం ఉంది. పాయికా తిరుగుబాటుకు రెండు వందల ఏళ్లయిన సందర్భంగా 2018 డిసెంబరులో భువనేశ్వర్‌లో ఒక స్మారక నాణెం విడుదల చేశారు. మన వైపు నుంచి ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెం: 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. తెలుగువారి నాణేన్ని ఒడిశా ఆడపడుచు విడుదల చేయడం మనలాంటి సరిహద్దువాళ్లకు ఇంకాస్త సంబరం. అది హైదరాబాద్ టంకశాలలోనే ముద్రించింది కనుక నక్షత్రం గుర్తు వెతకండి.

ఈ వరసలో అన్నీ 44 మిల్లీమీటర్లే. పక్కపక్కన పెడితే ముచ్చటగా ఉంటాయి. దేశంలో 1000 రూపాయల నాణేలకు శ్రీకారం చుట్టిన తంజావూరు బృహదీశ్వరాలయం నాణేన్ని కూడా దీనికి కలపవచ్చు. ఆలయానికి వెయ్యేళ్లు నిండిన గుర్తుగా 2010 సంవత్సరంతో వచ్చింది.

రెండో దారి, ఒకే దేశపు ఒకే బొమ్మను ఏడాదికొకటి చొప్పున పోగుచేయడం. దీనికి కూకబరా, చైనా పాండా బాగుంటాయి, ఎందుకంటే వాటి బొమ్మ ప్రతి ఏడాదీ మారుతుంది. (పాండా ఒక్క 2002లో మారలేదు, 2001 బొమ్మే మళ్లీ వచ్చింది.) ఈగిల్, మేపుల్ ఏళ్ల తరబడి ఒకే బొమ్మ. మూడోది, కేవలం వెండి కోసం కొనడం. అదే మీ ఉద్దేశమైతే నాణేల జోలికి రాకుండా కడ్డీ కొనుక్కోండి, డబ్బు మిగులుతుంది.

4. ధర లెక్క: కాగితం, పెన్ను తీయండి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు కనుక కాస్త నిదానంగా చూద్దాం.

మొదటి అంకె, నాణెంలో ఉన్న అసలు వెండి. 999 నాణెమైతే మొత్తం బరువే. భారత నాణేలకు అలా కాదు. చాలా ఏళ్లుగా వచ్చిన 35 గ్రాముల స్మారక నాణేల్లో ఎక్కువ భాగం నాలుగు లోహాల మిశ్రమం: వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. ఎన్టీఆర్ నాణెం ఇలాంటిదే. అంటే అందులో వెండి 17.5 గ్రాములు. జగన్నాథుడి 1000 రూపాయల నాణెంలో 35 గ్రాములకు 80 శాతం, 28 గ్రాములు. ఈమధ్య పద్ధతి మారుతోంది. 2025 అక్టోబరులో విడుదలైన ఆరెస్సెస్ శతాబ్ది 100 రూపాయల నాణెం 40 గ్రాముల స్వచ్ఛమైన వెండి. కనుక రూపాయల అంకె చూసి వెండిని అంచనా వేయకండి. 100 రూపాయల నాణేల్లోనే ఒకదానిలో పదిహేడున్నర గ్రాములు, ఇంకోదానిలో నలభై.

ఏ నాణెం ఏ లోహమో ఎవరినీ నమ్మక్కర్లేదు. ప్రతి స్మారక నాణేనికీ ఆర్థిక శాఖ గెజిట్ నోటిఫికేషన్ ఇస్తుంది. అందులో విలువ, ఆకారం, వ్యాసం, అంచు గీతల సంఖ్య, లోహాల శాతాలు, బొమ్మ వర్ణన అన్నీ ఉంటాయి. ఇ-గెజిట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకుని నాణెం పక్కన పెట్టుకోండి. అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.

రెండో అంకె, ఆ రోజు వెండి ధర. లెక్క తేలిక కోసం గ్రాము 100 రూపాయలనుకుందాం, మీరు కొనే రోజు ధర వేసుకోండి. అప్పుడు ఔన్సు ఈగిల్‌లో వెండి విలువ 3,110 రూపాయలు, ఎన్టీఆర్ నాణెంలో 1,750, జగన్నాథుడి నాణెంలో 2,800.

మూడో అంకె, మీరిచ్చేది. దాన్నుంచి వెండి విలువ తీసేస్తే మిగిలేదే నాణేనికిచ్చే అదనం. ప్రీమియం అంటారు. ఆ అదనంలో ముద్రణ ఖర్చు, పెట్టె, 3 శాతం జీఎస్టీ, డీలరు లాభం, చివరగా నాణెం అరుదుదనం ఉంటాయి. మన కంసాలి భాషలో తరుగు, మజూరీ లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే మజూరీ ఎప్పటికీ తిరిగిరాదు, ప్రీమియం కొన్నిసార్లు తిరిగొస్తుంది. ఎప్పుడొస్తుందంటే, ఆ నాణేన్ని కావాలనుకునే ఇంకో సేకరణదారు దొరికినప్పుడు. దొరకకపోతే మీ చేతిలో మిగిలేది వెండే.

అందుకే సగం వెండి ఉన్న నాణేలకు విపరీతమైన ప్రీమియం ఇచ్చి వెండిలో పెట్టుబడి పెట్టానని అనుకోవద్దు. అవి జ్ఞాపకం కోసం, అభిమానం కోసం కొనేవి. ఆ లెక్కలోనే కొంటే బాధ ఉండదు. పెద్ద సైజు బులియన్ నాణేల్లో, అంటే ముఖ్యంగా వెండి విలువ కోసం కొనేవాటిలో, మామూలుగా గ్రాముకు పడే ప్రీమియం తగ్గుతుంది. కిలో నాణేన్ని ముద్రించే ఖర్చు ఔన్సు నాణేనికి ముప్పై రెండింతలు కాదు కదా. కానీ అమ్మేటప్పుడు కిలో నాణేనికి గిరాకీ దొరకడం కష్టం. అవసరానికి సగం కోసి అమ్మలేం. నా ఓటు ఔన్సు నుంచి అయిదు ఔన్సుల మధ్యకే.

ప్రూఫ్, యూఎన్‌సీ అని రెండు రకాలు కనిపిస్తాయి. ప్రూఫ్ అద్దంలా మెరిసే నేల మీద మబ్బురంగు బొమ్మతో ఉంటుంది, ధర ఎక్కువ. యూఎన్‌సీ అంటే చలామణిలోకి పోని మామూలు ముద్ర. లోహం ఒకటే. మొదటి నాణెం యూఎన్‌సీ తీసుకుంటే చాలు.

5. ఎక్కడ కొనాలి

భారత నాణేలకు మొదటి చోటు టంకశాలే. ఎస్పీఎంసీఐఎల్ ఆన్‌లైన్ అమ్మకాల్లో కొత్త నాణెం వచ్చినప్పుడు బుకింగ్ తెరుస్తారు. పేరు, చిరునామా, పిన్‌కోడ్ మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఇవ్వండి. మన ఊళ్ల పేర్లు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడు రకాలుగా రాస్తాం కనుక పార్సిల్ తిరిగిపోయే ప్రమాదం ఎక్కువ. ఊరి పేరు పోస్టాఫీసు వాళ్లు ఎలా రాస్తే అలాగే రాయండి. పార్సిల్ విప్పేటప్పుడు సీలు నుంచి నాణెం దాకా ఆపకుండా వీడియో తీసుకోండి.

హైదరాబాద్ పోయే పని ఉంటే ఇంకా మంచిది. బరంపురం నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా, కోణార్క్ లాంటి రైళ్లు ఉన్నాయి. సైఫాబాద్‌లో పాత టంకశాల భవనం ఇప్పుడు మ్యూజియం. ఇప్పటి టంకశాల చర్లపల్లిలో ఉంది. ఎన్టీఆర్ నాణేన్ని ఈ రెండు చోట్లా కౌంటర్లలో అమ్మారు. వెళ్లేముందు ఏ నాణేలు అమ్మకానికి ఉన్నాయో కనుక్కుని వెళ్లండి.

టంకశాల దగ్గర అయిపోయిన పాత సంవత్సరాల నాణేలకు డీలర్లు, నాణేల ప్రదర్శనలు, వేలాలు ఉన్నాయి. డీలరును అడగాల్సినవి మూడే: బిల్లు ఇస్తారా, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటారా, రేపు నేనే అమ్మితే ఎంతకు కొంటారు. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి. ధర అడిగినప్పుడు ‘మీరు తెలిసినవాళ్లు బాబూ, మీకని ఇస్తున్నా’ అంటే జేబు గట్టిగా పట్టుకోండి.

షాపులో గంజాం వాళ్లెవరైనా తవ్వకాల్లో దొరికిందంటూ పాత రూపాయి బిళ్ళలు చూపిస్తే తీసుకోవద్దు. భూమిలో దొరికిన నిధికి 1878 నాటి చట్టం ఉంది, కలెక్టరుకు చెప్పాలి. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, దేశం దాటించకూడదు. ‘మీ పాత నాణేనికి రిజర్వు బ్యాంకు లక్షలిస్తుంది, ముందు కమిషన్ కట్టండి’ అనే ఫోన్లు కూడా వస్తాయి. తాము అలాంటి వ్యాపారమేదీ చేయడం లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

విదేశీ నాణేల సంగతి క్లుప్తంగా. దేశంలో ఇప్పటికే ఉన్నవాటిని బిల్లుతో కొనడమే సులువు. పోస్టులో, కొరియరులో బయటినుంచి తెప్పించుకోవడం తలనొప్పి వ్యవహారం, కస్టమ్స్‌లో ఆగితే సుంకంతోపాటు టెన్షన్ కూడా మీదే. గల్ఫ్ నుంచి అన్నయ్యో, బావగారో తెస్తానంటే ఒక విషయం చెప్పండి: నగలకుండే మినహాయింపు నాణేలకు వర్తించదు. ఎయిర్‌పోర్టులో రెడ్ ఛానల్‌కు వెళ్లి చూపించి, సుంకం కట్టి, రసీదు తీసుకోవాలి. సుంకం రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి కనుక బయల్దేరే ముందు కనుక్కోవాలి. ఆ రసీదే రేపు మీ నాణేనికి పుట్టుక సర్టిఫికెట్.

6. చేతికి రాగానే పరీక్ష

కావలసినవి: 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా, వ్యాసం, మందం కొలిచే డిజిటల్ వెర్నియర్, ఒక బలమైన నియోడిమియం అయస్కాంతం. మూడూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

బరువు, వ్యాసం, మందం కొలవండి. నకిలీ చేసేవాడు రెండిటిని కలపగలడు గానీ మూడూ కలపడం కష్టం, ఎందుకంటే వెండి బరువైన లోహం. ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు. వెండి పూత పూసిన రాగి, ఇత్తడి దానికంటే తేలిక. బరువు సరిపెట్టాలంటే నాణెం మందం పెరగాలి. ఈగిల్ మందం 2.98 మిల్లీమీటర్లు. 3.4 వచ్చిందంటే ఇక మాట్లాడక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. బరువు తేడా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. బ్రిటన్ వాళ్ల బ్రిటానియా నాణెం 2012 వరకు 958 వెండితో వచ్చింది కనుక మొత్తం బరువు 32.45 గ్రాములు, 2013 నుంచి 999. చైనా పాండా 2016 నుంచి ఔన్సు వదిలేసి 30 గ్రాములకు మారింది.

తర్వాత అయస్కాంతం. నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని అయస్కాంతాన్ని దాని మీద వదలండి. అతుక్కుంటే లోపల ఇనుముంది. వెండి మీద అతుక్కోదు, జర్రున జారదు, ఎవరో పట్టుకున్నట్టు నెమ్మదిగా దిగుతుంది. రాగి మీద కూడా నెమ్మదిగానే దిగుతుంది కనుక ఇది పాసవడం ఒక్కటే చాలదు.

గట్టి పరీక్ష నీళ్లది. చిన్న గాజు గ్లాసులో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ముప్పావు వంతు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేనికి సన్నని నైలాన్ దారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా వేలాడదీయండి. బుడగలేమైనా అంటుకుని ఉంటే దారాన్ని మెల్లగా కదిపితే పోతాయి. ఇప్పుడు కాటా చూపించే అంకె నాణెం తోసిన నీళ్ల బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగించండి. ఈగిల్ అయితే నీళ్ల అంకె 2.97 దగ్గర రావాలి, 31.10ని దానితో భాగిస్తే 10.47. పదిన్నరకు ఇంచుమించు వచ్చిందంటే వెండే. 5 ఔన్సుల నాణేనికి నీళ్ల అంకె 14.8 దగ్గర ఉంటుంది. భారత నాణేలకు పదిన్నర రాదు, కంగారుపడొద్దు: 80 శాతం వెండి నాణేనికి 10.1, సగం వెండి నాణేనికి 9.5 దగ్గర వస్తుంది. జర్మన్ సిల్వర్ అనే, అసలు వెండే లేని మిశ్రమం 8.5 దాపుల్లో తేలిపోతుంది. పరీక్ష అయ్యాక మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి అద్దండి, రుద్దకండి. ప్రూఫ్ నాణేలకు మాత్రం ఈ పరీక్ష వద్దు, నీటి మరక పడితే దాని విలువ అక్కడే పోతుంది. టంకశాల సీలు, బిల్లు ఉన్నవాటికి అవసరం కూడా లేదు.

గీటురాయి మీద గీయించడం, యాసిడ్ చుక్క వేయించడం నగలకు సరే, నాణేలకు ఎప్పుడూ చేయించకండి. షాపాయన చేయి ముందుకు చాపేలోపే చెప్పండి.

కొత్త నాణేల్లో టంకశాలలే రక్షణ గుర్తులు పెడుతున్నాయి. మేపుల్ మీద సన్నని కిరణాల గీతలు, లేజరుతో చెక్కిన బుల్లి ఆకులో సంవత్సరం అంకెలు. 2021 తర్వాతి బ్రిటానియాలో ఒక చిన్న బొమ్మ వాల్చి చూస్తే త్రిశూలంగా, ఇంకోవైపు వాల్చితే తాళంకప్పగా మారుతుంది. 2021 మధ్యలో కొత్త బొమ్మతో వచ్చిన ఈగిల్ అంచు గీతల్లో ఒకచోట గీత ఉండదు. భూతద్దంతో ఒకసారి చూస్తే మర్చిపోరు.

7. దాచడం, తోమకపోవడం

చింతపండు, విభూతి, సబీనా, టూత్‌పేస్టు: ఇవన్నీ పూజ గదిలో చెంబుకు, కుందులకు. నాణేన్ని ఒక్కసారి తోమితే సన్నని గీతలు పడతాయి, సేకరణదారుడు లైటు కింద వాల్చి చూడగానే ధర సగానికి దిగుతుంది. ఇంట్లో అందరికీ ఇది ముందే చెప్పాలి. దీపావళికి ముందు అమ్మగానీ, అత్తగారుగానీ ప్రేమగా తోమి పెట్టేస్తే ఎవరినీ ఏమీ అనలేం.

పూజలో పెట్టాలని ఇంట్లో కోరిక ఉంటే నాణేన్ని ప్లాస్టిక్ కాప్స్యూల్‌లోంచి తీయకుండా పెట్టండి. పసుపు, కుంకుమ కాప్స్యూల్ మీద. జగన్నాథుడి నాణెం ఉన్న ఇంట్లో ఈ ఏర్పాటు తప్పదు.

వెండిని నల్లబరిచేది గాలిలోని గంధకం. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, న్యూస్‌పేపరు, చవక అట్టపెట్టెల్లో అది ఉంటుంది కనుక నాణేలకు దగ్గరగా రానివ్వకండి. మెత్తగా వంగే పీవీసీ కవర్లు ఇంకా ప్రమాదం, కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు వదులుతాయి. గట్టి యాక్రిలిక్ కాప్స్యూల్ వాడండి, నాణెం వ్యాసానికి సరిగ్గా సరిపోయేది. 44 మిల్లీమీటర్లవి సులువుగా దొరుకుతాయి, 76 మిల్లీమీటర్లవి వెతకాలి. కాప్స్యూళ్లను మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలి, వర్షాకాలం తేమ కనుక ఆ పొట్లాలు రంగు మారగానే మార్చాలి. నాణేన్ని తీసినప్పుడు అంచులు మాత్రమే పట్టుకోండి.

మేపుల్ లాంటి స్వచ్ఛమైన నాణేల మీద కొన్నాళ్లకు పాల చుక్కల్లాంటి తెల్ల మచ్చలు వస్తాయి. అది మీ తప్పు కాదు, ముద్రణలోనే మిగిలిపోయే లోపం. వాటిని పోగొట్టే మందులేవీ కొనకండి.

మన తీరానికి తుపాన్లు కొత్త కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాను ముంచింది. నేలమట్టాన ఉండే బీరువా అడుగు అరలో నాణేలు పెట్టకండి. బ్యాంకు లాకరులో పెట్టినా ఒకటి తెలుసుకోండి: దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివాటికి బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. వరద, తుపాను లాంటి ప్రకృతి వైపరీత్యాలకు అదీ లేదు. కనుక లాకరులో కూడా నీళ్లు చొరని డబ్బానే.

8. కాగితాలు, అమ్మకం

ప్రతి నాణేనికీ నోటుపుస్తకంలో ఒక పేజీ: పేరు, సంవత్సరం, టంకశాల గుర్తు, బరువు, కొన్న తేదీ, ధర, ఆ రోజు వెండి రేటు, బిల్లు నంబరు. వెండి రేటు రాయడం చాలామంది మర్చిపోతారు, తీరా ప్రీమియం లెక్క వేద్దామంటే దొరకదు. బిల్లులను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు రెండేళ్లలో చెరిగిపోతాయి.

2 లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ అడుగుతారు, నగదుగా 2 లక్షలు, ఆ పైన తీసుకోవడం ఎలాగూ చట్టవిరుద్ధం. అమ్మినప్పుడు లాభం వస్తే పన్ను ఉంటుంది. రెండేళ్లు దాటాక అమ్మితే 12.5 శాతం, అంతకు ముందైతే మీ శ్లాబు ప్రకారం. కొన్న బిల్లు లేకపోతే లాభమెంతో మీరు చూపించలేరు.

అమ్మాలనుకుంటే విదేశీ 999 నాణేలను బులియన్ డీలర్లు, కొంతవరకు నగల షాపులు వెండి ధరకు కాస్త తగ్గించి తీసుకుంటాయి. భారత స్మారక నాణేలతో నగల షాపుకు వెళ్లడం దండగ. 2011 నాణేల చట్టం ప్రకారం చెల్లుబాటు నాణేలను కరిగించడం నేరం, పైగా చాలావాటిలో సగం రాగి, నికెల్, జింకే. వాటికి గిరాకీ సేకరణదారుల దగ్గరే: ప్రదర్శనల్లో, ముంబై, బెంగళూరు వేలాల్లో. వేలానికి పంపేముందు కమిషన్ ఎంత, కనీస ధర మీరు పెట్టవచ్చా, అమ్ముడుపోకపోతే వెనక్కి పంపే ఖర్చు ఎవరిది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. టంకశాల పెట్టె, సర్టిఫికెట్ కార్డు నాణెంతో పాటు పంపండి. అవి లేని జగన్నాథుడి నాణేనికీ, ఉన్నదానికీ కొనేవాళ్లు వేరే ధర చెబుతారు.